వాచీ లెక్కలోకి రాని అడుగులు

మా కాలనీ సీనియర్ సిటిజన్ల సంఘం వారు ఈసారి సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీతో పాటు పెద్దవాళ్లకు అడుగుల పోటీ కూడా పెట్టారు. వారం రోజుల పాటు చేతికి వాచీ కట్టుకుని నడవాలి, ఎవరి వాచీలో ఎక్కువ అడుగులు పడితే వారికి మొదటి బహుమతి. రోజూ అందరికంటే ముందు పార్కుకు వచ్చి, అందరి తర్వాత ఇంటికి వెళ్లే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆ పోటీలో చిట్టచివర నిలిచారు. ఆయన చేతికర్రతో నడుస్తారు. వాచీ కట్టుకున్నదీ ఆ కర్ర పట్టుకునే చేతికే. ఫలితాలు చదివిన కార్యదర్శి గారు నవ్వుతూ, "వాచీ అబద్ధం చెప్పదు కదా మాస్టారూ" అన్నారు. మాస్టారు కూడా నవ్వేసి ఊరుకున్నారు గాని, వెనక కుర్చీలో కూర్చున్న నాకు ఆ మాట మింగుడుపడలేదు.

చేతి వాచీల అడుగుల లెక్క అందరి విషయంలోనూ ఎంతో కొంత తప్పుతుంది, అందులో వింతేమీ లేదు. నా అభ్యంతరమల్లా ఆ తప్పు అందరికీ సమానంగా పడకపోవడం గురించే. చకచకా నడిచేవారికి అది లెక్కలోకి రానంత చిన్నది. నెమ్మదిగా నడిచేవారికి, పాదం ఈడ్చేవారికి, కర్రో వాకరో మరొకరి భుజమో పట్టుకుని నడిచేవారికి అది పెద్దది, పైగా దాదాపు ఎప్పుడూ తక్కువ వైపుకే మొగ్గుతుంది. ఎవరికి ఒక్కొక్క అడుగూ కష్టమో వారి అడుగులే లెక్కలోంచి జారిపోతున్నప్పుడు, ఆ అంకెను పట్టుకుని పెద్దవాళ్లకు లక్ష్యాలు పెట్టడం, ఒకరితో ఒకరిని పోల్చడం, దూరాన ఉన్న పిల్లలు ఫోనులోనే తల్లిదండ్రుల ఆరోగ్యాన్ని తేల్చేయడం సరికాదని నా వాదన. డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి కొలతలో దోషం అనగానే ఆగి చూడటం నాకు వృత్తిరీత్యా అబ్బిన అలవాటు. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ తర్వాత మళ్లీ నడక నేర్చుకున్న 78 ఏళ్ల అమ్మ ఇంట్లో ఉండటం ఇంకొక కారణం.

ఊపు లేని నడక

వాచీలో పాదాన్ని చూసే సాధనమేదీ లేదు. అడుగుల లెక్కకు అది ప్రధానంగా ఆధారపడేది మూడు దిశల్లో త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్ చిప్పు మీద. మనం నడిచేటప్పుడు పాదం నేలను తాకిన అదురు ఒళ్లంతా పాకుతుంది, చేయి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఈ రెండూ కలిసి మణికట్టు దగ్గర ఒక లయలో హెచ్చుతగ్గులుగా నమోదవుతాయి. ఆ హెచ్చు ఒక పరిమితిని దాటి, తర్వాతి హెచ్చు కూడా నడకకు తగిన వ్యవధిలోనే వస్తే వాచీ దాన్ని అడుగుగా లెక్కిస్తుంది. అంటే అది లెక్కపెట్టేది అడుగులను కాదు, అడుగు వల్ల పుట్టిన ఊపును. ఊపు పరిమితిని దాటకపోతే, అడుగు పడినా పడనట్టే.

వయసు పెరిగేకొద్దీ నడకలో ఆ ఊపు తగ్గుతుంది. అడుగు పొట్టిదవుతుంది, పాదం నేల మీంచి అంతగా లేవదు, పడిపోతామేమోనన్న జాగ్రత్తలో చేతులు ఒంటికి దగ్గరగా బిగుసుకుంటాయి. వేగం సెకనుకు సుమారు 0.8 మీటర్లకు, అంటే గంటకు మూడు కిలోమీటర్లకు దిగువకు వచ్చేసరికి ఇలాంటి పరికరాల లెక్క తప్పడం మొదలవుతుందని, ఇంకా తగ్గితే ఆ తప్పు వేగంగా పెరుగుతుందని వృద్ధుల మీద జరిగిన పలు పరిశీలనలు చెబుతూ వస్తున్నాయి. ఇది చేతి వాచీలతో పుట్టిన జబ్బూ కాదు. ఒకప్పుడు పరిశోధనల్లో విరివిగా వాడిన, నడుముకు తగిలించుకునే యామాక్స్ పెడోమీటర్‌లో (అడుగులు లెక్కపెట్టే చిన్న పెట్టె) స్ప్రింగుకు వేలాడే చిన్న మీట ఉండేది. సుమారు 0.35 జి త్వరణం, అంటే భూమ్యాకర్షణ త్వరణంలో మూడో వంతుకు కాస్త పైన, తగిలితేనే అది కదిలేది. నెమ్మది నడకకు ఆ పాటి కుదుపు ఉండదు. పొట్ట ఎత్తుగా ఉన్నవారి నడుము మీద ఆ పెట్టె పక్కకు ఒరిగిపోయి, ఉన్న కుదుపు కూడా దానికి అందేది కాదు.

నడుము మీంచి మణికట్టు మీదికి వచ్చేసరికి రెండో చిక్కు వచ్చి పడింది. నడుము ఎలాగూ మనతోనే కదులుతుంది, చేయి అలా కాదు. వాకర్‌తో నడిచేవారిని దగ్గరగా గమనిస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. చక్రాలు లేని వాకర్‌ను ముందు ఎత్తి ఒక జానెడు అవతల వేస్తారు, రెండు చేతులతో దాని మీద బరువు మోపుతారు, అప్పుడు ఒక కాలు వేస్తారు, ఆ తర్వాత రెండో కాలు దాని పక్కకు తెచ్చుకుంటారు. కాళ్లు కదులుతున్న ఆ రెండు క్షణాల్లోనూ మణికట్టు కడ్డీ మీద కదలకుండా ఉంటుంది. అది కదిలేది కాళ్లు ఆగి ఉన్నప్పుడు. వాచీ కళ్లతో చూస్తే ఆ మనిషి నిలబడి అప్పుడప్పుడూ ఏదో వస్తువు సర్దుకుంటున్నట్టే ఉంటుంది. సూపర్ మార్కెట్టులో బండి తోసుకుంటూ తిరిగిన కుర్రవాడికి కూడా ఇదే అనుభవం ఎదురవుతుంది, కాకపోతే అతను రోజంతా బండి తోస్తూ ఉండడు.

మూడో చిక్కు మన ఇళ్లలో మరీ ఎక్కువ. చేతి ఊపులన్నీ అడుగులై కూర్చోకుండా, వరసగా కొన్ని అడుగులు పడ్డాకే అది నడకేనని నమ్మి లెక్క మొదలుపెట్టేలా చాలా వాచీలను తయారుచేస్తారు. పార్కులో నడిచేవారికి దీనివల్ల నష్టం లేదు. కాని పెద్దవాళ్ల నడకలో అధికభాగం ఇంట్లోనే. మంచం నుంచి స్నానాల గదికి ఆరడుగులు, అక్కడినుంచి వంటింటి గుమ్మానికి ఏడెనిమిది, దేవుడి గదికి నాలుగు, మధ్యలో తలుపు పట్టుకుని ఒక ఆగడం. వాచీ నమ్మేలోపే ఆ నడక పూర్తయిపోతుంది. ఇలాంటి ముక్కలు రోజుకు ఎన్ని ఉంటాయో, అవన్నీ ఎక్కడికి పోతాయో ఆలోచించండి.

ఎక్కువ లెక్కించడమూ లేకపోలేదు. ఏకాదశి భజనలో గంటసేపు కూర్చుని తాళాలు వాయించిన మా పక్కింటి పిన్నిగారి వాచీ, ఆమె లేచేసరికి శుభాకాంక్షలు చెబుతూ మోగింది. గతుకుల రోడ్డు మీద ఆటోలో పోయినా కొన్ని అడుగులు వచ్చి చేరతాయి. ఇవి చెప్పుకుని నవ్వుకోవడానికి బాగుంటాయి. అయితే తాళాల వల్ల వచ్చిన అడుగులు, వాకర్ వల్ల పోయిన అడుగులు ఒకదానితో ఒకటి సరిపెట్టుకుంటాయని ఎవరైనా అంటే ఒప్పుకోను. రెండు తప్పులు కలిస్తే ఒక ఒప్పు రాదు, పైగా ఆ రెండు తప్పులూ ఒకే మనిషికి జరగాలన్న నియమమూ లేదు.

వాచీ నడవలేదు

అమ్మ ఆపరేషన్ అయి ఇంటికి రాగానే డాలస్‌లో ఉన్న అన్నయ్య ఒక వాచీ కొని పంపాడు. అమ్మ వేసిన ప్రతి అడుగూ అక్కడ తన ఫోనులో కనిపించే ఏర్పాటు చేసుకున్నాడు. దూరాన ఉన్న కొడుకు బెంగ అది, నేను తప్పుపట్టను. కాని రోజూ ఫోను చేసినప్పుడు మొదటి మాట అదే అయ్యింది. "అమ్మా, నిన్న నువ్వు అసలు నడవలేదేమిటి?" అని అడిగేవాడు. "నడిచాను నాయనా, నీ వాచీయే నడవలేదు" అని ఒకరోజు అమ్మ జవాబు చెప్పింది. అన్నయ్య దాన్ని చమత్కారంగా తీసుకున్నాడు. నేను మాత్రం మర్నాడు అమ్మ పక్కనే నడుస్తూ పైకి లెక్కపెట్టాను. నా లెక్క నూరుకు చేరినప్పుడు వాచీ అందులో సగం కూడా చూపలేదు.

అసలు విశేషం కొన్ని వారాల తర్వాత జరిగింది. ఫిజియోథెరపిస్టు అమ్మను వాకర్ నుంచి చేతికర్రకు మార్చాడు. కర్ర కుడిచేతిలో, వాచీ ఎడమచేతికి. అమ్మ నడిచింది అదే వరండాలో, అటూ ఇటూ అవే చుట్లు. కాని ఆ రోజు వాచీలో అంకె ఒక్కసారిగా పైకి లేచింది. అన్నయ్య సంతోషం పట్టలేక, "చూశావా, అమ్మ రెట్టింపు నడుస్తోంది!" అన్నాడు. అమ్మ రెట్టింపు నడవలేదు, అమ్మ ఎడమచేయి ఖాళీ అయ్యింది, అంతే. బాగుపడుతున్న మాట నిజమే, దాన్ని కాదనను. కాని ఆ బాగుపడటం ఎంతో చెప్పే శక్తి ఆ అంకెకు లేదు.

సన్నని తీగల మందం కొలిచే స్క్రూగేజిలో శూన్యాంశ దోషం ఉంటే, అంటే ఏమీ కొలవనప్పుడు కూడా సున్నాకు బదులు వేరే అంకె చూపిస్తే, మా ప్రయోగశాలలో దాన్ని పారెయ్యం. దోషం ఎంతో ఒకసారి చూసుకుని ప్రతి కొలతలోంచీ తీసేస్తాం. ఇలా ఎప్పుడూ ఒకే వైపుకు తప్పే క్రమ దోషం ఉన్న పరికరం కూడా పనికొస్తుంది, ఆ దోషం స్థిరంగా ఉంటే. "నీ వాచీని ఇంకొకరి వాచీతో పోల్చకు, నిన్నటి నీతో పోల్చుకో" అని చాలామంది ఇచ్చే సలహా వెనక ఉన్న తర్కం ఇదే. నడి వయసు వారికి అది మంచి సలహాయే. కాని పెద్దవాళ్ల విషయంలో ఆ దోషం స్థిరంగా ఉండదు. మోకాలు నొప్పి పెరిగిన వారంలో అడుగు నెమ్మదిస్తుంది, లెక్క మరింత తప్పుతుంది. వానాకాలంలో బండలు జారుతాయని మనవరాలి చేయి పట్టుకుంటే మళ్లీ తప్పుతుంది. ఏ శక్తిలో వచ్చే మార్పును తెలుసుకోవాలనుకుంటున్నామో, ఆ శక్తితో పాటే పరికరం దోషమూ మారిపోతోంది. అప్పుడు ఈ నెల అంకె పోయిన నెల అంకెకంటే తక్కువైతే, నడవడం తగ్గిందా, నడిచే తీరు మారిందా అన్నది విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఏ అంకె ఎవరిది

పదివేల అడుగుల కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ తన పెడోమీటర్‌కు పెట్టుకున్న పేరులోంచి వచ్చిన అంకె అది. వృద్ధుల విషయంలో దాన్ని పక్కకు నెట్టిన పరిశోధనల్లో ముఖ్యమైనది హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించింది. సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది అమెరికన్ స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారికంటే సుమారు 4,400 వేసేవారిలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది, సుమారు 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. 2022లో పదిహేను అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా 60 దాటినవారికి 6,000 నుంచి 8,000 మధ్యనే లాభం నిలకడకు వచ్చింది. ఈ వార్తలు పత్రికల్లో వచ్చాక మా పార్కులో ఎందరికో ప్రాణం లేచి వచ్చింది.

నాకూ సంతోషమే, అయినా ఒక సందేహం పీడిస్తుంది. లీ పరిశోధనలో ఆ స్త్రీలు యాక్సిలరోమీటర్‌ను కట్టుకున్నది తుంటి దగ్గర, చేతికి కాదు. మన వాచీలోని 4,400, ఆ పరికరంలోని 4,400 ఒక్కటేనన్న హామీ ఎక్కడుంది? తుంటి దగ్గర పెట్టే ఆ రకం పరికరాల్లో కూడా ఏ కదలికలను లెక్కలోకి తీసుకోవాలో తేల్చే వడపోత అమరికను మారిస్తే, అవే కదలికలకు అడుగుల సంఖ్య గణనీయంగా మారిపోతుంది. సాధారణ అమరిక నెమ్మది అడుగులను వదిలేస్తుంది, రెండో అమరిక అడుగులు కాని కదలికలను కూడా కలుపుకుంటుంది. ఇంకాస్త లోతుకు వెళితే, అతి తక్కువ అడుగుల వర్గంలో ఉన్నవారిలో కొందరు నిజంగానే తక్కువ నడిచినవారు కారేమో, నెమ్మదిగా నడవడం వల్ల తక్కువగా నమోదైనవారేమో అనిపిస్తుంది. నెమ్మది నడక విడిగా చూసినా ఆయుర్దాయానికి మంచి సూచన కాదు. స్టెఫనీ స్టుడెన్‌స్కీ, సహపరిశోధకులు 2011లో 65 దాటిన 34,485 మంది వివరాలతో చూపించింది అదే: నడక వేగం సెకనుకు 0.1 మీటరు ఎక్కువ ఉన్నవారిలో కూడా బతికే అవకాశం మెరుగ్గా ఉంది. దీంతో ఆ అడుగుల పరిశోధన తప్పని నేను అనడం లేదు, నడక మంచిదన్న దాని సారం చెక్కుచెదరదు. ఆ అంకెలను మాత్రం మందు మోతాదులా రాసి ఇవ్వకూడదంటున్నాను.

"తక్కువ చూపిస్తే నష్టమేముంది, ఇంకో నాలుగు అడుగులు వేస్తారు కదా" అనేవారూ ఉన్నారు. మా పార్కులో ఒక పెద్దాయన వేసింది నాలుగు అడుగులు కాదు. చేతికర్ర ఉంటే వాచీ లెక్కపెట్టడం లేదని కనిపెట్టి, కర్రను బల్ల మీద వదిలేసి నడవడం మొదలుపెట్టాడు. "బాబాయిగారూ, కర్ర మరిచిపోయారు" అంటే, "మరిచిపోలేదమ్మా, అది ఉంటే నా కష్టం నీళ్లపాలవుతోంది" అన్నాడు. ఆయనకు డయాబెటిస్ వల్ల అరికాళ్లకు స్పర్శ అంతంతమాత్రం. వాచీ మెప్పు కోసం కర్రను వదిలిన ఆ మనిషి పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ ఖర్చు ఏ అడుగుల ఖాతాలో రాస్తాం? లక్ష్యం చేరలేదని విసిగి, వాచీతో పాటు నడకనూ మానేసినవారు ఇంకొక రకం. వారు ఎవరికీ చెప్పరు కాబట్టి మనకు కనిపించరు.

కొన్ని ఆరోగ్య బీమా పాలసీలు అడుగుల లెక్క చూసి పాయింట్లు, ప్రీమియంలో రాయితీలు ఇస్తున్నాయి. ప్రీమియం భారం ఎక్కువగా మోసే వయసువారికే ఆ రాయితీ అందకుండా పోవడానికి వారి సోమరితనం కంటే వాచీ పరిమితి కారణం కావచ్చునన్న ఆలోచన ఆ పథకాల్లో నాకు కనిపించదు.

నా వాదనకు ఎదురుగా నిలిచే మాట

ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. నడక బలహీనపడితే లెక్క తగ్గుతుంది, బాగుపడితే పెరుగుతుంది. కారణం ఏదైనా, అంకె పడిపోయిందంటే ఏదో జరిగిందనే కదా, పిల్లలకు ఆ హెచ్చరిక చాలదా అని మా సహోద్యోగి ఒకరు అడిగారు. ఆ మాటలో నిజం ఉంది. ఒంటరిగా ఉండే తల్లి వాచీలో నాలుగు రోజులుగా అంకె పడిపోతే ఫోను చేసి, "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగడం మంచిదే. అక్కడ ఆ అంకె ప్రశ్న పుట్టించింది. "ఎందుకు నడవలేదు?" అని అడిగితే అదే అంకె తీర్పు అయి కూర్చుంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా పాటించగలిగినవారికి వాచీ వద్దని నేను చెప్పను.

అయితే నడక నాణ్యతే తెలుసుకోవాలనుకుంటే దానికి ఇంతకంటే తిన్నని దారి ఉంది, ఖర్చూ లేదు. ఇప్పటి ఇళ్లలో చాలాచోట్ల హాలులో వేసేవి రెండడుగుల టైల్సు, అంటే ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు. పది టైల్సు వరసగా ఉంటే సరిగ్గా ఆరు మీటర్లు. ముందు రెండు, వెనక రెండు టైల్సు వదిలి, మామూలు నడకతో ఆ పదింటినీ దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూస్తే చాలు. వయసుతో వచ్చే కండరాల క్షీణతను గుర్తించడానికి ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు సెకనుకు ఒక మీటరు, అంటే ఈ పది టైల్సుకు ఆరు సెకన్లు. అమ్మకు ఇంకా ఆరు కంటే చాలా ఎక్కువే పడుతోంది. కాని నెల నెలా తగ్గుతోంది, ఆ తగ్గుదలను నేను నమ్ముతాను. కర్ర ఉన్నా లేకున్నా టైలు పొడవు మారదు కదా. కర్ర ఉందో లేదో మాత్రం పక్కన రాసుకుంటాను.

వాచీయే వాడదలచుకుంటే దాన్ని కట్టే చోటు మార్చి చూడవచ్చు. నెమ్మదిగా నడిచేవారి అడుగులు కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా నమ్మే స్టెప్‌వాచ్ అనే పరికరాన్ని చీలమండ దగ్గరే కడతారు. మామూలు పరికరాలను కూడా అక్కడ కట్టినప్పుడు నెమ్మది నడక లెక్క మెరుగుపడినట్టు పలు పరిశీలనల్లో తేలింది. ఆ ఉపాయం అమ్మ దగ్గర పారలేదు. "ఈ వయసులో కాలికి పట్టీ ఏమిటే, నలుగురూ నవ్వుతారు" అంది. అందుకని మేము నిమిషాల లెక్కకు మారాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా వృద్ధులకు అడుగుల అంకె ఏదీ పెట్టలేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితో పాటు వారానికి కనీసం మూడు రోజులు తూలకుండా నిలిచే పట్టు, బలం మెరుగుపడే వ్యాయామాలు చెప్పాయి. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం లాంటివి ఏ వాచీలోనూ అడుగులుగా పడవు. పడిపోకుండా కాపాడే పనులు మాత్రం ముందుగా అవే.

ఇక తయారీదారుల సంగతి. పెడోమీటర్లకు జపాన్ పారిశ్రామిక ప్రమాణం నూరు అడుగులకు మూడు అడుగులకు మించిన తేడాను అనుమతించదు. మన దగ్గర కిరాణా కొట్టు కాటాకు కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఈ వాచీలకు మాత్రం అట్ట మీద ఖచ్చితమైనదన్న మాట ఉంటే చాలు, ఎవరి నడకకు ఖచ్చితమో చెప్పనవసరం లేదు. నేను కోరేది ఆ అట్ట మీద రెండు వాక్యాలు: ఏ వేగానికి దిగువన ఈ లెక్క నమ్మదగదో, కర్రతోనూ వాకర్‌తోనూ నడిచేవారి మీద దీన్ని పరీక్షించారో లేదో. అవి చదివాక కూడా మా అన్నయ్యలాంటివారు అమ్మకు వాచీ కొంటారు, అందులో సందేహం లేదు. కాకపోతే మొదటి రోజు ఆమె పక్కన ఎవరో ఒకరు నూరు అడుగులు లెక్కపెట్టి, వాచీ ఎన్ని వదిలేసిందో ఒక కాగితం మీద రాసి పెడతారు.